ఆగిపోయిన పుట దగ్గర నుంచి: ఉద్యోగం, సంసారం మధ్య మళ్ళీ పుస్తకాలు చదవడం ఎలా?

కొన్నేళ్ళ క్రితం ఇల్లు మారుతూ అలమర ఖాళీ చేస్తుండగా ఒక నవల చేతికి వచ్చింది. తెరిచి చూస్తే 112వ పుట దగ్గర గౌతమి ఎక్స్‌ప్రెస్ టిక్కెట్టు ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. దాని మీద 2009 నాటి తేదీ వేసి ఉంది. కాకినాడ నుంచి సికింద్రాబాదు వచ్చే ఒక్క రాత్రిలో నూట పన్నెండు పుటలు ఆపకుండా చదివిన నేను, బండి దిగి ఇంటికి చేరిన తరువాత పదేళ్ళకు పైగా ఆ ఒక్క పుట తిప్పలేకపోయాను. ఆ రోజు సామాను సర్దడం పక్కన పెట్టి, అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని, ఇలా ఎందుకు జరిగిందా అని చాలాసేపు ఆలోచించాను.

తీరిక లేకపోవడమే కారణమని అందరిలాగే నేనూ అనుకుంటూ వచ్చాను. కానీ డిగ్రీ రోజులను గుర్తు చేసుకుంటే మరొక సంగతి తట్టింది. అప్పుడు చదవాలని ప్రత్యేకంగా పూనుకున్నదేమీ లేదు. వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది; రోజుకింత అని అద్దె పడుతుంది కనుక తెచ్చిన నవలను ఒకటి రెండు రోజుల్లో ముగించవలసి వచ్చేది. వారపత్రికలో సీరియల్ తరువాయి భాగం వారం వారం దానంతటదే ఇంటికి వచ్చేది. ‘చతుర’ వంటి మాసపత్రిక నెలకొక పూర్తి నవలను గుమ్మంలోకి తెచ్చి ఇచ్చేది. చదివిన దాని గురించి మాట్లాడడానికి పక్కింటి అక్కలు, పిన్నులు, హాస్టలు మిత్రులు ఉండేవారు. మన చదువు వెనుక ఇంత ఏర్పాటు ఉండేది. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఊరు మారడం అన్న క్రమంలో ఆ ఏర్పాటు ఒక్కొక్కటిగా జారిపోయింది. కాబట్టి చదివే శక్తి పోయిందని బాధపడే బదులు, పోయిన ఏర్పాటును ఇప్పటి జీవితానికి తగినట్టుగా మళ్ళీ కట్టుకోవాలి. ఒకప్పుడు ఇష్టంగా చదివి, ఇప్పుడు చదవలేకపోతున్నవారు ఆ పనిని ఏ వరుసలో చేసుకోవచ్చో నాకు తెలిసినంత వరకు ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట కళ్ళు చూపించుకోండి

పుస్తకాల గురించి చెప్పబోతూ కళ్ళజోడు దగ్గర మొదలుపెట్టడం వింతగా అనిపించవచ్చు. కానీ నలభై దాటినవారిలో ఎంతోమంది దీన్ని గుర్తించక, తమకు చదువు మీద ఆసక్తి తగ్గిందని పొరబడుతున్నారని నా నమ్మకం. నలభై ఏళ్ళ ప్రాంతంలో కంటిలోని కటకం సాగే గుణం తగ్గి, దగ్గరి వస్తువులు మసకగా కనిపించడం మొదలవుతుంది. దీన్నే చత్వారం అంటాం. ఫోనులో అక్షరాలను వేలితో పెద్దవి చేసుకుంటాం కనుక ఆ లోపం అక్కడ బయటపడదు. పుస్తకంలో ఆ వీలు లేదు. పైగా తెలుగు అచ్చులో అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. పాత పుస్తకాల చిన్న అచ్చులో అవి ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

మీకు మీరే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. ఏదైనా పాత నవల తీసి సాయంత్రం దీపం వెలుగులో రెండు పుటలు చదవండి. మీకు తెలియకుండానే పుస్తకాన్ని దూరంగా జరుపుతున్నా, ‘ప’కూ ‘ష’కూ, ‘మ’కూ ‘య’కూ తేడా పోల్చుకోవడానికి క్షణం ఆగవలసి వస్తున్నా, పది నిమిషాలకే నుదురు బరువెక్కుతున్నా, ముందు కంటి వైద్యుల దగ్గరకు వెళ్ళండి. పరీక్ష చేసేటప్పుడు మీరు పుస్తకాన్ని ఎంత దూరంలో పట్టుకుని చదువుతారో వారికి చూపించండి. చాలామందికి అది 35 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటుంది. కంప్యూటరు తెర అంతకంటే దూరంగా ఉంటుంది కనుక దానికోసం తీసుకున్న అద్దాలు పుస్తకానికి సరిపోకపోవచ్చు.

వెలుతురు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. మన ఇళ్ళలో ట్యూబులైటు సాధారణంగా గోడ మీద ఎత్తున ఉంటుంది. దానికి వీపు పెట్టి కూర్చుంటే మన తల నీడ పుట మీద పడుతుంది. భుజం పక్క నుంచి పుట మీదకు వెలుతురు పడేలా ఒక చిన్న బల్లదీపం పెట్టుకుంటే చాలు.

రోజుకు పావుగంట, ఒకే చోట, ఒకే వేళ

సమయం ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి మూడు రోజుల పాటు ఒక పని చేయండి. నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఊరికే ఎదురుచూస్తూ గడిపిన నిమిషాలను ఒక కాగితం మీద రాయండి. ఆఫీసు బస్సు కోసం, కుక్కరు కూతల కోసం, పిల్లల ట్యూషను ముగిసేదాకా, మీటింగు మొదలయ్యేదాకా, మందుల షాపులో, బ్యాంకులో ఎదురుచూసిన నిమిషాలు అన్నీ అందులోకి రావాలి. నా కాగితంలో మూడో రోజుకు సగటున రోజుకు నలభై నిమిషాలు తేలింది. ఆ నలభై నిమిషాలూ ముక్కలు ముక్కలుగా ఉన్నాయన్నది నిజమే. వాటిలో ఏదో ఒక ముక్క మాత్రం రోజూ అదే వేళకు వస్తోంది. దాన్ని ఎంచుకోండి.

ఆ ముక్కను ఇప్పటికే స్థిరంగా ఉన్న ఒక పనికి జత చేయండి. పొద్దున్న కాఫీ గ్లాసు చేతికి వచ్చిన తరువాత పేపరు కంటే ముందు పావుగంట అనో, ఆఫీసులో భోజనం చేసి క్యారియరు కడిగిన తరువాత పావుగంట అనో నిర్ణయించుకోండి. ‘వీలున్నప్పుడు చదువుతాను’ అనుకుంటే ఆ వీలు రాదు. పడుకునే ముందు చదవాలనే నిర్ణయం మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. రోజంతా అలిసిన శరీరానికి మంచం మీద పుస్తకం తెరవగానే నిద్ర ముంచుకొస్తుంది. అలా వారం గడిచాక మనకిక చదువు పట్టదని మనమే తీర్పు ఇచ్చుకుంటాం. అలవాటు నిలబడిన తరువాత రాత్రులు చదువుకోవచ్చు. నిలబెట్టడానికి మాత్రం మెలకువగా ఉన్న వేళను ఎంచుకోండి.

పావుగంట వల్ల ఏమవుతుందని సందేహం రావచ్చు. గడియారం పెట్టుకుని చూస్తే, మామూలు డెమ్మీ సైజు తెలుగు నవల ఒక్కో పుటకు నాకు సుమారు ఒకటిన్నర నిమిషం పట్టింది. ఆ లెక్కన పావుగంటకు పది పుటలు, నెలకు 300 పుటలు, అంటే ఒక మోస్తరు నవల పూర్తవుతుంది. మొదటి రెండు వారాలు పావుగంట దాటి చదవాలనిపించినా ఆపేయండి. రేపటి కోసం కొంత ఆకలి మిగలాలి. వారపత్రిక సీరియల్ మనల్ని ఏళ్ళ తరబడి కట్టిపడేసింది కూడా అలాగే.

పుస్తకం ఎక్కడ ఉంటే చదువు అక్కడ జరుగుతుంది. కాఫీ వేళ చదవాలనుకుంటే పుస్తకం రాత్రే ఆ కుర్చీలో ఉండాలి. ఆఫీసులో చదవాలనుకుంటే క్యారియరు సంచిలోనే ఉండాలి. సంచిలో పెట్టేటప్పుడు పెరుగు డబ్బాకు దూరంగా, మందపాటి ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. ఈ జాగ్రత్త తెలియక ఒక మంచి కథల సంపుటి చివరి ముప్పై పుటలు అంటుకుపోయి పాడు చేసుకున్నాను. పుస్తకాన్ని బోర్లించి పెట్టకుండా, ఒక దళసరి కాగితాన్ని గుర్తుగా పెట్టుకోండి. బోర్లిస్తే వెన్ను విరిగి కుట్లు ఊడిపోతాయి.

సెల్‌ఫోను వేరే గదిలో

ఇక్కడ నేను రాజీ లేకుండా చెబుతాను. ఫోనును నిశ్శబ్దంలో పెట్టి పక్కన ఉంచుకుంటే సరిపోదు. చేతికి అందే దూరంలో ఉన్నంతసేపు మనసులో ఒక భాగం దాని దగ్గరే కాపలా కాస్తూ ఉంటుంది. ఆ పావుగంట అది వేరే గదిలో చార్జింగులో ఉండాలి. సమయం తెలియాలంటే గోడ గడియారం ఉంది. అలారం కోసం ఫోను కావాలంటే, ఒక చిన్న అలారం గడియారం కొనుక్కోండి.

మొదటి వారం ఆరేడు నిమిషాలకే మనసు లేచి తిరగడం మొదలుపెడుతుంది. కరెంటు బిల్లు కట్టానా, మేనేజరు మెయిలుకు జవాబిచ్చానా, ఇంట్లో పోపు దినుసులు ఉన్నాయా అని వరుసగా గుర్తుకొస్తాయి. వాటిని అణచుకోవడానికి ప్రయత్నించకండి. పుస్తకంలోనే ఒక తెల్ల చీటీ, పెన్సిలు ఉంచుకుని, గుర్తొచ్చిన పనిని ఒక్క మాటలో రాసి మళ్ళీ వాక్యంలోకి రండి. మొదటి వారం నా చీటీ మీద రోజుకు ఎనిమిదో తొమ్మిదో పనులు పడేవి. నెల తిరిగేసరికి ఒకటి రెండు మాత్రమే మిగిలాయి. ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదవవలసి వస్తే దాన్ని మెల్లగా, పెదవులు కదుపుతూ చదవండి. చెవికి వినబడిన వాక్యం దారి తప్పదు.

మొదటి పుస్తకం

మళ్ళీ మొదలుపెట్టేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ఇన్నాళ్ళు చదవలేదన్న బాధతో, చదవాలని ఎప్పటి నుంచో అనుకుంటున్న ఆరేడు వందల పుటల గొప్ప గ్రంథాన్ని ముందు పెట్టుకుంటారు. చాలాకాలం మంచాన పడి లేచిన మనిషి మొదటి రోజే కొండ ఎక్కబోవడం లాంటిది అది. మొదటి పుస్తకానికి మూడు లక్షణాలు ఉండాలి: చిన్నదిగా ఉండాలి, భాష మీ ఇంటి భాషకు దగ్గరగా ఉండాలి, మీకు నిజంగా ఇష్టమైనది అయి ఉండాలి. అది గొప్పదా కాదా అని ఎవరినీ అడగవద్దు.

అన్నింటికంటే సులువైన దారి, పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో మీకు బాగా నచ్చిన పుస్తకాన్ని మళ్ళీ చదవడం. కథ తెలిసే ఉంటుంది కనుక పాత్రల పేర్లు గుర్తుపెట్టుకునే భారం ఉండదు. అప్పుడు గమనించని తల్లి పాత్రో, తండ్రి పాత్రో ఇప్పుడు ముందుకు వచ్చి నిలబడుతుంది. అప్పట్లో నాకు ఎంతో కఠినుడిగా కనిపించిన ఒక తండ్రి పాత్ర, రెండు దశాబ్దాల తరువాత మళ్ళీ చదివితే, జీతం చాలక నలిగిపోతున్న మనిషిగా కనిపించింది. పుస్తకం మారలేదు కదా అని మొదటి పుట దాకా వెనక్కి తిప్పి చూశాను.

రెండో దారి చిన్న కథ. ఒకసారి కూర్చున్నప్పుడు మొదలై, లేచే లోపే ముగుస్తుంది కనుక, పూర్తి చేశామన్న తృప్తి ఆ రోజే దక్కుతుంది. ఉదాహరణకు సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ వారపత్రికలో వచ్చిన నూరు చిన్న కథల సంపుటి. రోజుకొకటి చొప్పున చదివితే మూడు నెలలకు పైగా సరిపోతుంది. తెలుగు కథను ఇంకా లోతుగా వెతుక్కోవాలనుకునేవారికి శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథానిలయం ఉంది. కేవలం కథల కోసమే ఒక గ్రంథాలయం వెలియడం మన భాషకు దక్కిన అదృష్టం. వారి వెబ్‌సైటు ద్వారా ఎన్నో పాత కథలు ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు.

నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేయడానికి వెనుకాడకండి. నేను యాభై పుటలు చూస్తాను. అప్పటికీ తరువాత ఏమవుతుందో తెలుసుకోవాలనిపించకపోతే దాన్ని అలమరలో పెట్టేస్తాను. దాన్ని ముగించే దాకా మరొకటి ముట్టుకోకూడదన్న పట్టుదల వల్ల ఒక్క పుస్తకం దగ్గరే ఏళ్ళు ఆగిపోయినవారిని చాలామందిని చూశాను.

తెలుగు నెమ్మదిగా చదివేవారికి

ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవారిలో, ఇతర రాష్ట్రాల్లో, విదేశాల్లో పెరిగినవారిలో చాలామందికి తెలుగు ధారాళంగా మాట్లాడడం వచ్చినా, పుస్తకం చదివేటప్పుడు కళ్ళు అక్షరం అక్షరం కూడబలుక్కుంటాయి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పెద్ద అచ్చుతో ఉన్న పిల్లల కథల పుస్తకంతో మొదలుపెట్టి, రోజూ రెండు పుటలు పైకి చదవండి. ఇంట్లో పిల్లలు ఉంటే వారికే చదివి వినిపించండి. పిల్లలు ఒకే కథను పదిసార్లు చదివించుకుంటారు, ఆ పదిసార్లలో మీ కళ్ళు మాటలను విడి అక్షరాలుగా చూడడం మాని మొత్తం మాటగా గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. తరువాత సంభాషణలు ఎక్కువగా ఉన్న నవలకు వెళ్ళండి, అందులోని వాక్యాలు మీరు రోజూ వినేవే అయి ఉంటాయి. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ నిఘంటువు తెరవకుండా కింద గీత పెట్టి ముందుకు సాగిపోయి, ఆ రోజు చదువు ముగిశాక ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువుల్లో ఒకేసారి చూసుకోండి.

పుస్తకాలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

మీ ఇంటిపన్ను రసీదును ఒకసారి తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక వరుస ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఇవ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖా గ్రంథాలయాలు ఈ డబ్బు మీదే ఎక్కువగా ఆధారపడి నడుస్తున్నాయి. అంటే చందా మీరు ఎన్నో ఏళ్ళుగా కడుతూనే ఉన్నారు; వెళ్ళి పుస్తకం తెచ్చుకోవడం ఒక్కటే మిగిలింది.

మీ పేటలో శాఖా గ్రంథాలయం ఎక్కడ ఉందో కనుక్కుని ఒక సెలవు రోజు, అది తెరిచి ఉండే వేళలు ముందుగా తెలుసుకుని వెళ్ళండి. చిరునామా రుజువు, ఫోటో, కొద్దిపాటి డిపాజిట్టుతో సభ్యత్వం ఇస్తారు. లోపల పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో బల్లలు నిండి ఉంటే వెనక్కి రాకండి. కథలు, నవలల బీరువాలు సాధారణంగా వెనుక వైపు ఉంటాయి. లైబ్రేరియన్‌ను అడిగితే సంతోషంగా చూపిస్తారు, ఎందుకంటే వాటికోసం అడిగేవారు వారికి తక్కువగా కనిపిస్తున్నారు.

నేను మొదటిసారి తెచ్చుకున్న పుస్తకం లోపలి అట్ట మీద తేదీల చీటీ ఒకటి అంటించి ఉంది. ఊదారంగు ముద్రలు కిందికి వరుసగా ఉన్నాయి. మొదట్లో నెలకు రెండు మూడు ముద్రలు పడ్డాయి. రానురాను ఏడాదికొకటి అయింది. చివరి ముద్రకూ నా ముద్రకూ మధ్య తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ చీటీని వేలితో తడిమి చూసినప్పుడు, నా అలమరలోని రైలు టిక్కెట్టు కథ నా ఒక్కడిదే కాదని తెలిసింది.

మన ప్రాంతంలో గ్రంథాలయాలను కట్టినవారు ఎంత శ్రమ పడ్డారో తెలిస్తే ఆ గుమ్మం తొక్కడం ఇంకా ఇష్టమవుతుంది. హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో మొదలయింది. 1918లో వేటపాలెం అనే చిన్న ఊరిలో పుట్టిన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఆ ఊరు వెతుక్కుంటూ వెళతారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం గ్రంథాలయంవారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. పనిలో ఉన్న మనిషి పుస్తకం దాకా రాలేడు కాబట్టి పుస్తకమే అతని దగ్గరకు వెళ్ళాలని వారు అనుకున్నారు. క్యారియరు సంచిలో పుస్తకం పెట్టుకోమని పైన చెప్పిన మాట వారి దగ్గర నేర్చుకున్నదే.

కొనుక్కోవాలనుకునేవారికి డిసెంబరు ప్రాంతంలో హైదరాబాదులోనూ, జనవరి మొదట్లో విజయవాడలోనూ పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. ఆదివారాల్లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటరు దగ్గర పాత పుస్తకాలు దొరుకుతాయి. ఒకసారికి రెండు పుస్తకాలకు మించి కొనకండి. చదవని పుస్తకాల దొంతర ఎదురుగా ఉంటే అప్పులా బరువుగా తోస్తుంది.

కాపీహక్కు ముగిసిన పాత తెలుగు పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైటులో వేల సంఖ్యలో ఉన్నాయి. విదేశాల్లో ఉన్నవారికి అది పెద్ద నిధి. కానీ ఆ స్కాను పుటలను ఫోను తెర మీద అటూ ఇటూ జరుపుతూ చదవడం కళ్ళకు శ్రమ. అంత పనికి పది అంగుళాల ట్యాబ్లెట్టు కానీ, ఇరవై ముప్పై పుటల చొప్పున ప్రింటు తీయించుకోవడం కానీ మేలు. బండి నడిపే వేళ, వంట వేళ వినడానికి దాసుభాషితం వంటి తెలుగు శ్రవ్య పుస్తకాల యాప్‌లు ఉన్నాయి. వినడం మంచిదే, నేనూ వింటాను. అయితే దాన్ని ఆ పావుగంట లెక్కలో కలపను, ఎందుకంటే కంటితో చదివే ఓపిక కంటితో చదివితేనే తిరిగి వస్తుంది.

ఇంట్లోవారితో ముందే మాట్లాడండి

ఇంట్లో ఒక మనిషి పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఖాళీగా ఉన్నారనే అందరూ అనుకుంటారు. ఈ ఇబ్బంది ఆడవారికి మరీ ఎక్కువ. భర్త పేపరు చదువుతుంటే ఎవరూ కదిలించరు. భార్య పుస్తకం తెరవగానే చొక్కా బొత్తాం, పిల్లవాడి డ్రాయింగు షీటు, అత్తగారి మాత్ర అన్నీ ఒకేసారి గుర్తుకొస్తాయి. అందుచేత మౌనంగా మొదలుపెట్టకుండా, ‘రోజూ ఆరున్నర నుంచి ఆరుముప్పావు దాకా నేను చదువుకుంటాను, ఆ పావుగంట ఎవరికి ఏం కావాలన్నా మీరే చూసుకోండి’ అని అందరూ ఉన్నప్పుడు చెప్పండి. ఇంట్లో మగవారు ఆ పావుగంట స్టవ్వు దగ్గర ఉండడం ధర్మం. పిల్లలను చదవమని చెప్పడం మాని, అదే వేళకు వారి పుస్తకాలతో మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మా ఇంట్లో పదేళ్ళ పాప మొదటి వారం నా పుట పూర్తయిందా అని నిమిషానికొకసారి తొంగి చూసింది. మూడో వారానికి తన పుస్తకంలోంచి తల ఎత్తడం తగ్గించింది.

మాట్లాడడానికి ఒక మనిషి

చదివిన దాని గురించి మాట్లాడే మనిషి ఒక్కరు ఉంటే చాలు. ఆఫీసులో, అపార్టుమెంటులో, పాత క్లాసుమేట్లలో ఒకరిని వెతుక్కుని, ఇద్దరూ ఒకే పుస్తకాన్ని ఒకే నెలలో చదివి, నెలాఖరు ఆదివారం అరగంట ఫోనులో మాట్లాడుకోండి. నచ్చిన పుట ఒకటి, నచ్చని పుట ఒకటి చెప్పుకోవాలని నియమం పెట్టుకుంటే మాటలకు కొరత ఉండదు. అమెరికాలోని డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితివారు ఒక తెలుగు పుస్తకాన్ని ఎంచుకుని, చదివి, కలిసి కూర్చుని చర్చించుకునే పద్ధతిని ఎన్నో ఏళ్ళుగా నడుపుతున్నారు; అంతమంది అక్కర లేకుండా అదే పద్ధతిని ఇద్దరితోనూ నడపవచ్చు.

ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టుకోండి. తేదీ, పుస్తకం పేరు, ఏ పుట నుంచి ఏ పుట దాకా చదివారు, మనసులో నిలిచిన ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. ఏడాదికి ఇన్ని పుస్తకాలు అని లెక్క పెట్టుకోవడాన్ని మాత్రం నేను సమ్మతించను. సంఖ్య ముందుకు వస్తే, సన్నని పుస్తకాలు వెతుక్కోవడం, వర్ణనలు దాటవేయడం మొదలవుతుంది.

మధ్యలో తెగినప్పుడు

తెగడం ఖాయం. పెళ్ళిళ్ళ కాలంలో, మార్చి నెలాఖరు ఆఫీసు లెక్కల్లో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు రెండు మూడు వారాలు పుస్తకం ముట్టుకోలేం. అలా తెగిన తరువాత ఆగిన నవలను నేరుగా అందుకోకండి. పాత్రల పేర్లు మరిచిపోయి ఉంటాం, నాలుగు పుటలు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలనే ఆలోచనే బద్ధకాన్ని తెస్తుంది. మొదటి రెండు రోజులు రెండు చిన్న కథలు చదవండి. మూడో రోజు నోటుబుక్కులో రాసుకున్న వాక్యాలను వరుసగా చూసుకుని, నవలను ఒక అధ్యాయం వెనక నుంచి మొదలుపెట్టండి. పోయిన రోజులను పూడ్చాలని ఒకేసారి గంటసేపు కూర్చోవద్దు. మళ్ళీ అదే పావుగంట.

గ్రంథాలయం పుస్తకం అయితే తేదీల చీటీ మీద గడువు చూసుకుని, దానికి రెండు రోజుల ముందే సంచిలో పెట్టుకుని వెళ్ళండి. పూర్తి కాకపోతే గడువు పొడిగించమని అడగండి, ఆ పుస్తకం కోసం మరొకరు ఎదురుచూస్తుంటే తప్ప సాధారణంగా పొడిగిస్తారు. పూర్తయితే అక్కడి బల్ల దగ్గరే నిలబడి తరువాతి పుస్తకం మొదటి పుట చదివి చూసి, నచ్చితే ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.